వ్యూహక్రీడలలో వాతావరణ మార్పు

వ్యూహప్రధానమైన కంప్యూటరు ఆటలలో, ఆటగాళ్ళు తీసుకొనే నిర్ణయాల ఫలితంగా ఆటలోని భూగోళపు ఉష్ణోగ్రత, వర్షపాతం, సముద్రమట్టం మారేటట్లు, ఆ మార్పు తిరిగి ఆటగాళ్ళ పంటలను, పట్టణాలను దెబ్బతీసేటట్లు కల్పించిన ఏర్పాటును ఈ వ్యాసం వివరిస్తుంది. 1990వ దశకం ఆరంభం నుండి ఇటువంటి ఏర్పాటు కొన్ని ప్రసిద్ధమైన ఆటలలో కనిపిస్తున్నది. కంప్యూటరు అవసరం లేకుండా ఇదే సూత్రంతో రైతుల మధ్య ఆడించిన భూగర్భజలం ఆట ఒకటి ఆంధ్రప్రదేశ్‌లో 2013, 2014 సంవత్సరాలలో జరిగింది. రాయలసీమ పాఠకులకు దగ్గరగా ఉండే విషయం కనుక దానిని ఇక్కడ కొంత విపులంగా ఇస్తున్నాము.

పదాల వివరణ

పాఠ్యపుస్తకాలలో ఒక రోజు లేక ఒక వారం పాటు ఉండే ఎండ, వాన, గాలుల స్థితిని వాతావరణమని, దీర్ఘకాలపు సగటు స్థితిని శీతోష్ణస్థితి అని వేరువేరుగా చెబుతారు. ఆ లెక్కన ఈ వ్యాసం పేరు "శీతోష్ణస్థితి మార్పు" అని ఉండాలి. కాని పత్రికలలోను, ప్రభుత్వ ప్రకటనలలోను "వాతావరణ మార్పు" అన్నదే స్థిరపడిపోయింది కనుక ఆ పేరునే వాడడం జరిగింది. చదివేటప్పుడు మాత్రం ఈ తేడాను గుర్తుంచుకోవాలి. ఆటల విషయంలో జరిగే పొరపాట్లలో చాలాభాగం ఈ రెండింటిని కలిపివేయడం వల్లనే వస్తాయి.

వ్యూహక్రీడ అనగా అదృష్టం కంటె ఆలోచనకు ఎక్కువ పాత్ర ఉండే ఆట. వైకుంఠపాళిలో పందెం పడినట్లు పావు నడుస్తుంది కనుక అది వ్యూహక్రీడ కాదు. చదరంగం, పులిజూదం వ్యూహక్రీడలు. పులిజూదంలో మూడు పులులకు, పదిహేను మేకలకు మధ్య పోరు నడుస్తుంది. ఎవరు గెలిచినా, ఎన్ని మేకలు పోయినా, బండమీద గీసిన గీతలు మాత్రం ఆట మొదట్లో ఎలా ఉన్నవో చివరిలోనూ అలాగే ఉంటాయి. వాతావరణ మార్పును చేర్చిన ఆటలకు, ఈ పాత ఆటలకు అసలైన తేడా ఇక్కడే ఉన్నది. వీటిలో ఆడుతున్న కొద్దీ పలకే మారిపోతుంది. నిన్న పంటభూమిగా ఉన్న గడి రేపు ఎడారి కావచ్చు, తీరంలోని గడి నీట మునిగిపోవచ్చు. పైగా ఆ మార్పుకు కారణం ఏ ఒక్క ఆటగాడో కాదు, అందరూ కలిసి కారణం.

తొలినాటి ఆటలు

1990లో ఇటువంటి ఆటలు రెండు వెలువడ్డాయి. మొదటిది విల్ రైట్ రూపొందించగా మ్యాక్సిస్ సంస్థ విడుదల చేసిన సిమ్ఎర్త్. ఇందులో ఆటగానికి ఒక గ్రహం మొత్తం అప్పగిస్తారు. సూర్యుని వేడి, మేఘాలు, హరితగృహ ప్రభావం వంటి వాటిని హెచ్చించి తగ్గించి, ఆ గ్రహం మీద ప్రాణికోటి ఎలా పెరుగుతుందో చూడవచ్చు. భూమి తన ప్రాణికోటితో కలిసి తన ఉష్ణోగ్రతను తానే సరిచూసుకొనే ఒక వ్యవస్థ అని చెప్పిన బ్రిటిష్ శాస్త్రవేత్త జేమ్స్ లవ్‌లాక్ గారి గయా పరికల్పన ఈ ఆటకు ఆధారం. ఆయన ఊహించిన "డైసీలోకం" కూడా ఇందులో ఒక ఘట్టంగా ఉన్నది. ఆ లోకంలో తెల్లపూలు, నల్లపూలు మాత్రమే ఉంటాయి. తెల్లపూలు ఎండను తిప్పికొట్టి నేలను చల్లబరుస్తాయి, నల్లపూలు ఎండను పీల్చుకొని వేడెక్కిస్తాయి. సూర్యుని వేడి పెరిగినకొద్దీ తెల్లపూలు పెరిగి, ఉష్ణోగ్రత చాలాకాలం ఒకే తీరున నిలబడుతుంది. సూర్యుని వేడి ఒక హద్దు దాటగానే మాత్రం పూలన్నీ ఒక్కసారిగా నశిస్తాయి. నెమ్మదిగా జరుగుతున్న మార్పు ఒకచోట హఠాత్తుగా మారిపోవడాన్ని విద్యార్థులకు చెప్పడానికి ఇంతకంటె సులువైన ఉదాహరణ దొరకదు.

రెండవది క్రిస్ క్రాఫర్డ్ రూపొందించిన బ్యాలెన్స్ ఆఫ్ ది ప్లానెట్. ఇందులో యుద్ధాలు లేవు, సైన్యాలు లేవు. ఏ ఇంధనం మీద ఎంత పన్ను వేయాలి, దేనికి ఎంత రాయితీ ఇవ్వాలి అని నిర్ణయించడమే ఆట. బొగ్గుపై పన్ను పెంచితే ఒకచోట మేలు, మరొకచోట కీడు జరుగుతుంది. ఒక దానిని ముట్టుకుంటే పది కదులుతాయి. ఆటగా ఇది అంత రంజింపజేయలేదు గాని, పర్యావరణ సమస్యను బడ్జెటు సమస్యగా చూపించిన తొలి ఆటలలో ఇది ఒకటి.

సివిలైజేషన్ వరుస

ఈ విషయంలో ఎక్కువమందికి పరిచితమైనది సివిలైజేషన్ వరుస. సిడ్ మీయర్, బ్రూస్ షెల్లీ రూపొందించిన మొదటి ఆటను మైక్రోప్రోస్ సంస్థ 1991లో విడుదల చేసింది. క్రీస్తు పూర్వం 4000వ సంవత్సరంలో ఒక చిన్న తెగతో మొదలై, వంతులవారీగా పట్టణాలు కట్టుకుంటూ, విద్యలు నేర్చుకుంటూ అంతరిక్షయానం వరకు సాగే ఆట ఇది. పట్టణాలలో కర్మాగారాలు పెరిగినకొద్దీ చుట్టుపక్కల గడులపై కాలుష్యపు గుర్తులు పడతాయి. వాటిని పనివారిని పంపి శుభ్రం చేయించాలి. చేయించక అవి పేరుకుపోతే తెరపై ఉన్న సూర్యుని బొమ్మ రంగు మారుతూ హెచ్చరిస్తుంది. తర్వాత భూతాపం పెరిగినట్లు ప్రకటన వస్తుంది. పచ్చని గడులు కొన్ని ఎడారిగాను, కొన్ని చిత్తడినేలగాను మారిపోతాయి.

1991లో ఒక వినోదపు ఆటలో ఈ విషయాన్ని చేర్చడం మెచ్చుకోదగినదే. ఆ మరుసటి సంవత్సరమే రియో డి జనీరో నగరంలో ధరిత్రీ సదస్సు జరిగింది. అయితే విజ్ఞానశాస్త్రం దృష్టితో చూస్తే ఇందులో రెండు లోపాలున్నాయి. మొదటిది, ఇందులో కాలుష్యం నేలమీద పడిన మురికి వంటిది. ఊడ్చివేస్తే పోతుంది. నిజానికి భూతాపానికి ముఖ్యకారణమైన కార్బన్ డయాక్సైడ్, అనగా పాత పుస్తకాలలోని బొగ్గుపులుసు వాయువు, కంటికి కనిపించదు. ఏ ఊరిలో పుట్టినా లోకమంతటా కలిసిపోతుంది. అందులో గణనీయమైన భాగం శతాబ్దాల తరబడి గాలిలోనే నిలిచి ఉంటుంది. రెండవది, అణుబాంబులు వేసినా ఈ ఆటలో భూతాపం పెరుగుతుంది. పెద్దఎత్తున అణుయుద్ధం జరిగితే మసి ఆకాశాన్ని కమ్మి భూమి చల్లబడవచ్చునని శాస్త్రజ్ఞులు చెబుతారు గాని వేడెక్కుతుందని కాదు.

ఇదే కోవకు చెందిన ఆల్ఫా సెంటారీ 1999లో వచ్చింది. ఫిరాక్సిస్ సంస్థ దీనిని తయారుచేసింది. వేరొక గ్రహంపై స్థిరపడిన మనుషుల కథ ఇది. పర్యావరణం దెబ్బతిన్నకొద్దీ ఇందులో సముద్రమట్టం పెరిగి తీరపు పట్టణాలు మునుగుతాయి. ఈ ఆటలో గమనించదగిన విశేషం గ్రహమండలి. ధ్రువాలలోని మంచును కరిగించాలా, ఆకాశంలో ఎండకు అడ్డుగా తెర కట్టి చల్లబరచాలా అన్న ప్రశ్నలను సభలో ఓటుకు పెట్టవచ్చును. ఎత్తైన చోట పట్టణాలు కట్టుకున్నవాడికి తీరంలోని పొరుగువాడు మునిగిపోవడం లాభమే కనుక ఓటు కూడా అలాగే వేస్తాడు. పొరుగువాడి ముంపు తన ఎత్తుగా మారే ఈ స్థితిని ఇంత స్పష్టంగా చూపించిన ఆట అంతకుముందు లేదనవచ్చును.

సివిలైజేషన్ ఐదవ భాగం 2010లో వచ్చినపుడు అందులో భూతాపం ఊసే లేదు. ఆరవ భాగం 2016లో వెలువడగా, దానికి అనుబంధంగా 2019 ఫిబ్రవరిలో వచ్చిన గ్యాదరింగ్ స్టార్మ్‌లో ఈ విషయం తిరిగి వచ్చింది. ఈసారి కొంత శాస్త్రీయంగా వచ్చింది. దాని పనితీరు స్థూలంగా ఇది. బొగ్గు, చమురు మండించి విద్యుత్తును, యుద్ధయంత్రాలను నడిపిన ప్రతి దేశం ఖాతాలో కార్బన్ డయాక్సైడ్ జమ అవుతుంది. అన్ని దేశాల మొత్తం పెరిగినకొద్దీ లోకం ఒక దశ నుండి మరొక దశకు పోతుంది. మొత్తం ఏడు దశలు. ధ్రువాలలోని మంచు గడులు ఒక్కటొక్కటిగా మాయమవుతాయి. తీరంలోని పల్లపు గడులను ఒక మీటరు, రెండు మీటర్లు, మూడు మీటర్లు అని ముందే గుర్తించి ఉంచుతారు. సముద్రం పెరిగినపుడు ముందు తక్కువ ఎత్తు గడులకు ముంపు వస్తుంది, తర్వాత అవి పూర్తిగా నీటిపాలవుతాయి. తుఫానులు, వరదలు, కరవులు కూడా తీవ్రమవుతాయి.

వీటిని ఎదుర్కొనడానికి ఆటగానికి కొన్ని దారులున్నాయి. నదిపై ఆనకట్ట కడితే వరదనష్టం తప్పుతుంది. తీరపు పట్టణం చుట్టూ వరదగోడ కట్టవచ్చును. కాని సముద్రమట్టం పెరిగినకొద్దీ ఆ గోడకయ్యే ఖర్చు కూడా పెరుగుతుంది. ముందుచూపుతో కట్టినవాడికి చౌక, చివరిదాకా ఆగినవాడికి మోయలేని భారం. సూర్యరశ్మి, గాలి ద్వారా విద్యుత్తు తయారుచేయవచ్చు. ఆట చివరిదశలో గాలిలోని కార్బన్‌ను తిరిగి పీల్చే పథకం కూడా ఉన్నది. అయితే కార్బన్ తగ్గినా కరిగిన మంచు తిరిగి గడ్డకట్టదు, మునిగిన గడి తిరిగి పైకి తేలదు. ఈ ఒక్క నియమం 1991 నాటి "ఊడ్చివేస్తే పోయే" కాలుష్యానికి, దీనికి మధ్య ఉన్న దూరాన్ని తెలియజేస్తుంది.

మరొక మంచి సంగతి ఉన్నది. ఈ ఆటలో నది పొంగితే పంటలు, కట్టడాలు పాడైనా, ఒండ్రు చేరి ఆ గడి సారవంతం కావచ్చు. వరదను కేవలం శత్రువుగా చూపకపోవడం నిజానికి దగ్గరగా ఉన్నది.

ఇతర ఆటలు

ఆక్స్‌ఫర్డ్ నగరానికి చెందిన రెడ్ రిడెంప్షన్ సంస్థ 2011లో విడుదల చేసిన ఫేట్ ఆఫ్ ది వరల్డ్ పూర్తిగా ఈ విషయం మీదనే నడుస్తుంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త మైల్స్ అలెన్ గారి నమూనా ఆధారంగా ఇందులో ఉష్ణోగ్రతను లెక్కిస్తారు. ప్రపంచాన్ని 12 ప్రాంతాలుగా విభజించి, ఒక్కొక్క వంతును ఐదు సంవత్సరాలుగా లెక్కిస్తారు. చాలా కష్టమైన ఆటగా దీనికి పేరు. బొగ్గును ఒక్కసారిగా ఆపివేస్తే జనం తిరగబడి అక్కడి కార్యాలయాన్నే వెళ్ళగొడతారు, ఆపకపోతే లోకం వేడెక్కుతుంది. అదే సంవత్సరం వచ్చిన ఆన్నో 2070 సముద్రం పెరిగిన తరువాతి లోకంలో జరుగుతుంది. పోలండుకు చెందిన 11 బిట్ స్టూడియోస్ వారి ఫ్రాస్ట్‌పంక్ (2018)లో ఇది తలకిందులై, లోకం గడ్డకట్టుకొని పోతుంటే ఒక బొగ్గుకొలిమి చుట్టూ జనాన్ని బ్రతికించుకోవాలి. దక్షిణాఫ్రికా వారి టెర్రా నిల్ (2023)లో ఎండిపోయిన నేలను పచ్చగా చేసి, చివరకు తాను కట్టిన యంత్రాలను కూడా విప్పుకొని వెళ్ళిపోవడమే గెలుపు.

అట్టపలకపై ఆడే ఆటలలో మ్యాట్ లీకాక్, మత్తెయో మెనపాచె రూపొందించిన డేబ్రేక్ (2023) ముఖ్యమైనది. ఇందులో ఆటగాళ్ళు ఒకరినొకరు ఓడించరు. అమెరికా, చైనా, యూరపు, మిగిలిన ప్రపంచం అనే నాలుగు పాత్రలు కలిసి గెలవాలి లేదా కలిసి ఓడాలి. జర్మనీలో ఏటా ఇచ్చే నిపుణుల క్రీడా పురస్కారం 2024లో దీనికి లభించింది.

లెక్క నడిచే తీరు

పై ఆటలన్నిటిలో లోపలి లెక్క ఇంచుమించు ఒకటే. దానిని చెరువుతో పోల్చి చెప్పవచ్చును. వాతావరణంలో ఉన్న కార్బన్ చెరువులోని నీరు. ఏటా మనం వదిలేది వాగు ద్వారా వచ్చే నీరు. సముద్రాలు, అడవులు పీల్చుకునేది తూముగుండా పోయే నీరు. వాగు ఉధృతి సగానికి తగ్గినా, తూము కంటె ఎక్కువగా వస్తున్నంత కాలం చెరువు నిండుతూనే ఉంటుంది. ఉద్గారాలు తగ్గగానే వేడి తగ్గిపోతుందని చాలామంది చదువుకున్నవారు కూడా పొరబడతారు. ఆటలో ఒకసారి ఓడిపోయినవారికి ఈ పొరపాటు మళ్ళీ రాదు. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పదిలక్షల పాళ్ళకు సుమారు 280 పాళ్ళుగా ఉన్న కార్బన్ డయాక్సైడ్, 2020వ దశకంలో 420 దాటింది.

రెండవ అంశం ఆలస్యం. తప్పు చేసిన వంతుకు, శిక్ష పడే వంతుకు మధ్య చాలా దూరం ఉంటుంది. ఈ దూరాన్ని ఆట రూపకర్తలు తమకు నచ్చినట్లు కుదిస్తారు. లేకపోతే ఆటగానికి విసుగు పుడుతుంది. మూడవది ఉమ్మడితనం. లాభం ఒకరిది, నష్టం అందరిదీ అయినప్పుడు ఎవరికి వారు తమ లాభం చూసుకుంటే అందరూ చెడతారు. గారెట్ హార్డిన్ 1968లో దీనిని "ఉమ్మడి ఆస్తుల విషాదం" అన్నాడు. ఆ విషాదం తప్పనిసరి కాదని, ఊరివారు తమలో తాము కట్టుబాట్లు చేసుకొని ఉమ్మడి వనరులను తరతరాలుగా కాపాడుకున్న సందర్భాలు ఎన్నో ఉన్నాయని ఎలినార్ ఆస్ట్రమ్ నిరూపించింది. ఆమెకు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. వీడియో ఆటలు చాలావరకు హార్డిన్ బాటలోనే నడిచాయి. ఆస్ట్రమ్ బాటలో నడిచిన ఆటను చూడాలంటే మన రాష్ట్రానికే రావాలి.

ఆంధ్రప్రదేశ్‌లో భూగర్భజలం ఆట

వాషింగ్టన్‌లోని అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థకు చెందిన రూత్ మైంజెన్-డిక్, అమెరికాలోని అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన మార్కో జాన్సెన్, వారి సహచరులు ఆంధ్రప్రదేశ్‌లోని కఠినశిలా ప్రాంతపు గ్రామాలలో 2013లో రైతులతో ఒక ఆట ఆడించారు. మరుసటి సంవత్సరం నియమాలను కొంత మార్చి అవే గ్రామాలలో మళ్ళీ ఆడించారు. అక్కడ అప్పటికే పనిచేస్తున్న రెండు స్వచ్ఛంద సంస్థలు ఈ ఆటను నడిపాయి. చిత్తూరు జిల్లా పడమటి మండలాలలో చెరువులు, బంజరుభూముల అభివృద్ధిపై పనిచేసిన ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ వాటిలో ఒకటి.

ఆట చాలా సరళమైనది. కొందరు రైతులు ఒక గుంపుగా కూర్చుంటారు. వారందరికీ కలిపి నేల అడుగున కొంత నీరు ఉన్నట్లు లెక్క. ప్రతి ఏడు ఒక్కొక్కరు తాము వేసే పంటను ఎంచుకోవాలి. ఒకటి తక్కువ నీరు తాగి తక్కువ రాబడి ఇచ్చేది, మరొకటి ఎక్కువ నీరు తాగి ఎక్కువ రాబడి ఇచ్చేది. వానకు కొంత నీరు నేలలో ఇంకుతుంది.

దీనిలోని కిటుకు తెలియడానికి ఒక లెక్క వేద్దాము. ఇందులోని అంకెలు ఉదాహరణకు మాత్రమే. ఐదుగురు రైతులు, అడుగున 50 కొలతల నీరు, ఏటా వానకు చేరేది 5 కొలతలు అనుకుందాము. వేరుశనగకు ఒక కొలత నీరు, రెండు రూపాయల రాబడి. వరికి మూడు కొలతల నీరు, ఐదు రూపాయల రాబడి. ఐదుగురూ వేరుశనగ వేస్తే ఖర్చు 5, రాబడి నీరు 5. నిల్వ ఎప్పటికీ 50 వద్దనే ఉంటుంది. ఒక్కరు వరి వేస్తే ఖర్చు 7. నిల్వ ఏటా 2 చొప్పున తరిగి 25 ఏళ్ళకు ఎండిపోతుంది. ఐదుగురూ వరి వేస్తే ఖర్చు 15. ఏటా 10 చొప్పున తరిగి ఐదేళ్ళలో అడుగంటుతుంది. ఆరవ ఏడు వానకు చేరిన 5 కొలతలతో అందరూ వేరుశనగకే దిగిరావాలి.

పదేళ్ళకు లెక్క తేలిస్తే మరొక చిత్రం కనిపిస్తుంది. వేరుశనగ గుంపుకు ఏటా పది రూపాయల చొప్పున వంద వచ్చింది. వరి గుంపుకు మొదటి ఐదేళ్ళలో 125, తరువాత ఐదేళ్ళలో 50, మొత్తం 175 వచ్చింది. అంటే నీటిని అడుగంటా తోడినవారే గెలిచినట్లు! లెక్క తప్పు కాదు. ఆటను పదవ ఏట ఆపివేయడంలోనే ఉన్నది చిక్కు. వేరుశనగ గుంపు వద్ద ఇంకా 50 కొలతల నీరు ఉన్నది. పదకొండవ ఏట వాన పడకపోతే ఆ గుంపు పంట తీయగలదు, ఒక్క ఏడు కాదు, వరుసగా పదేళ్ళు తీయగలదు. వరి గుంపుకు ఆ ఏడు గింజ రాలదు. భూగర్భజలం అనేది రాబడి కాదు, కరవునాటి కొరకు దాచుకున్న మూలధనం. ఆటలో కరవు సంవత్సరం లేకపోతే ఈ సంగతి బయటపడదు. సివిలైజేషన్ వంటి ఆటలలోనూ ఇదే లోపం ఉన్నది. ఆట ఫలానా వంతుకు ముగుస్తుందని తెలిసిన ఆటగాడు చివరి వంతులలో బొగ్గంతా మండించి గెలుస్తాడు. మునిగిపోయిన లోకంలో ఆ మరునాడు ఎవరు ఉండాలన్నది ఆటకు పట్టని విషయం.

పరిశోధకులు 2016, 2018 సంవత్సరాలలో ప్రచురించిన ఫలితాలు ఆలోచింపజేసేవి. పంటకు, నీటిమట్టానికి గల సంబంధం కళ్ళకు కట్టినట్లు కనబడినపుడు రైతులు ఒకరికొకరు సహకరించుకున్నారు. స్వచ్ఛంద సంస్థలు ఎక్కువకాలంగా పనిచేస్తున్న గ్రామాలలో సహకారం మరింత ఎక్కువగా ఉన్నది. ఆటలో వచ్చిన రాబడికి తగినట్లు నిజంగా డబ్బు చెల్లించినా, చెల్లించకపోయినా పంట ఎంపికలో తేడా రాలేదు. ఒకరితో ఒకరు మాట్లాడుకొని నిర్ణయించుకొనే వీలు కల్పించినపుడు మొదటి సంవత్సరం పెద్దగా ఫలితం కనబడలేదు గాని, రెండవ సంవత్సరంలో నీటిని నిలబెట్టుకున్న గుంపులు పెరిగాయి. ఆట ముగిశాక ఊరివారందరినీ కూర్చోబెట్టి చర్చ జరిపారు. అసలు పని ఆ చర్చలోనే జరిగిందనుకోవాలి. ఆట ఆడిన గ్రామాలలో తరువాతి కాలంలో నీటి పుస్తకం పెట్టి లెక్కలు రాసుకోవడం, నీటి వాడకానికి కట్టుబాట్లు చేసుకోవడం, అదే కార్యక్రమంలో ఉండి ఆట ఆడని గ్రామాలకంటె ఎక్కువగా కనిపించింది. ఆట ఒక్కటే భూగర్భజలాల తరుగుదలను ఆపలేదని కూడా పరిశోధకులే చెప్పారు.

ఈ ఆలోచన మన ప్రాంతానికి కొత్త కాదు. 2000వ దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరవు జిల్లాలలో రైతుల యాజమాన్యంలో భూగర్భజల వ్యవస్థల పథకం నడిచింది. వాటిలో చిత్తూరు ఒకటి. రైతులే వర్షమాపకాలు చూసి, పరిశీలక బావులలో నీటిమట్టం కొలిచి, రాబోయే పంటకాలానికి ఊరి నీటి బడ్జెట్టు తయారుచేసుకునేవారు. ఏ పంట వేయాలో ఎవరూ ఎవరినీ శాసించలేదు. లెక్క అందరి ముందు గోడమీద ఉండేది. 2002 నాటి జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టం బోరుబావులపై ఆంక్షలు పెట్టింది గాని, ఆంక్షలకంటె లెక్కే ఎక్కువ పని చేసిందని ఈ వ్యాసరచయిత అభిప్రాయం.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాలకు అన్వయం

గ్యాదరింగ్ స్టార్మ్ ఆటలో తిరుపతి వంటి పట్టణం ఉన్నదనుకుందాము. సముద్రతీరానికి దూరంగా, కొండల పాదంలో ఉన్నది కనుక వాతావరణ మార్పు ఏడవ దశకు చేరినా ఆ పట్టణానికి ముంపు భయం లేదని ఆట చెబుతుంది. నిజం వేరు. 2021 నవంబరు నెలలో బంగాళాఖాతంలోని వాయుగుండం వల్ల కురిసిన కుండపోత వానకు తిరుపతి వీధులు జలమయమయ్యాయి. తిరుమల ఘాట్ రోడ్లు దెబ్బతిన్నాయి, స్వర్ణముఖి పొంగింది. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు గండిపడే ప్రమాదం ఏర్పడి దిగువ గ్రామాలను ఖాళీ చేయించవలసి వచ్చింది. అదే నెల 19న పొరుగున ఉన్న కడప జిల్లాలో చెయ్యేరుపై గల అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి ప్రాణనష్టం జరిగింది.

ఇటువంటి ఒక్క సంఘటనను చూపి ఇది వాతావరణ మార్పే అని తేల్చివేయరాదు. పైన చెప్పిన వాతావరణం, శీతోష్ణస్థితి తేడా ఇక్కడ పనికివస్తుంది. అయితే గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే అది పట్టి ఉంచగల నీటిఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుందన్నది భౌతికశాస్త్ర నియమం. కురిసినపుడు మరింత గట్టిగా కురవడానికి అవకాశం పెరుగుతుంది. చిత్తూరు వంటి జిల్లాలో అసలు సమస్య ఇది. ఇక్కడ జీవనదులు లేవు. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండింటిపైనా ఆధారపడాలి. నేలలోపల గట్టిరాయి ఉన్నందువలన నీరు ఇంకడానికి వ్యవధి కావాలి. నెలరోజులపాటు పడవలసిన వాన మూడు రోజులలో పడితే చెరువు తెగుతుంది, బోరు మాత్రం నిండదు. కరవు, వరద ఒకే ఏడాది ఒకే ఊరికి రావచ్చు. గడికి ఒక గుణం చొప్పున కేటాయించే ఆటలు ఈ స్థితిని చూపలేవు.

నిజమైన వాతావరణ లెక్కలు ఎలా మొదలవుతాయో తెలుసుకోవాలంటే తిరుపతి వాసులు దూరం పోనక్కరలేదు. చిత్తూరు పోయే దారిలోని గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉన్నది. 1992లో జాతీయ ఎంఎస్‌టీ రాడార్ కేంద్రంగా స్థాపించబడి, 2005లో ప్రస్తుత నామం పొందింది. ఇది కేంద్ర అంతరిక్ష శాఖ ఆధ్వర్యంలో పనిచేస్తుంది. 53 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంతో పనిచేసే ఇక్కడి రాడార్ నింగిలో కిలోమీటర్ల ఎత్తున వీచే గాలులను కొలుస్తుంది. కంప్యూటరు నమూనా ఎంత గొప్పదైనా ఇటువంటి కొలతలతో సరిచూసుకోవాలి. సరిచూసుకొనే ఈ పని లేకపోవడమే ఆటకు, శాస్త్రానికి ఉన్న భేదం.

విమర్శలు

వ్యూహక్రీడలలో ఆటగాడు ఒక దేశానికి తిరుగులేని పాలకుడు. అతని మాటకు అడ్డులేదు. అందువలన వాతావరణ మార్పు అనేది తెలివైన పాలకుడు సరైన మీట నొక్కితే తీరిపోయే సమస్యగా కనబడుతుంది. బొగ్గుగనిలో పనిపోయిన కూలీ, వరి మానితే అప్పు తీర్చలేని కౌలురైతు ఆ తెరపై కనిపించరు. ఫేట్ ఆఫ్ ది వరల్డ్ కొంతమేరకు, ఫ్రాస్ట్‌పంక్ చాలావరకు ఈ లోటును పూరించాయి.

న్యాయం ప్రశ్న కూడా ఉన్నది. సివిలైజేషన్‌లో దేశాలన్నీ ఒకే గీత వద్ద పరుగు మొదలుపెడతాయి. నిజచరిత్రలో రెండు వందల ఏళ్ళుగా బొగ్గు మండించిన దేశాలు కొన్ని, నిన్నమొన్న విద్యుద్దీపం చూసిన దేశాలు మరికొన్ని. 1992 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం బాధ్యత అందరిదీ అయినా దాని పాలు వేరువేరని ఒప్పుకున్నది. చాలా ఆటలకు ఆ ఒప్పుదల ఇంకా అందలేదు. ఇక ఆటలు ఆడే యంత్రాలకు కూడా విద్యుత్తు కావాలి, అందులో బొగ్గు పాలు ఉంటుంది. ఈ విమర్శ నిజమే గాని, పై రెండింటితో పోలిస్తే చిన్నది.

తరగతి గదిలో

ఉన్నత పాఠశాల విద్యార్థులకు పై భూగర్భజలం ఆటను కంప్యూటరు లేకుండానే ఆడించవచ్చును. నీటికి చింతపిక్కలు, నిల్వకు ఒక పళ్ళెం చాలు. ఐదుగురేసి పిల్లలను గుంపులుగా కూర్చోబెట్టి, మొదటి ఆవృత్తిలో మాట్లాడుకోకుండా, రెండవ ఆవృత్తిలో మాట్లాడుకొని ఆడమనాలి. ప్రతి ఏడు ఒకడు పాచిక వేసి, ఒకటి పడితే ఆ ఏడు వాన లేదని, ఆరు పడితే రెట్టింపు పిక్కలు చేరుతాయని నియమం పెట్టుకోవచ్చు. మొత్తం ఎన్నేళ్ళు ఆడతారో పిల్లలకు ముందుగా చెప్పరాదు. చెబితే చివరి ఏట పళ్ళెం ఖాళీ అవుతుంది. ప్రతి ఏడు మిగిలిన పిక్కలను నల్లబల్లపై గీతగా గీసి, ఆట ముగిశాక గుంపుల గీతలను పక్కపక్కన పెట్టి చూడమనాలి. ఆ తరువాత తమ ఊరిలో బోర్లు ఎంత లోతున ఉన్నవో, తాతల కాలంలో బావి ఎంత లోతుండేదో ఇంటివద్ద అడిగి రమ్మంటే, మరునాటి పాఠానికి కావలసిన లెక్కలు వారే తెస్తారు.